చలికి చర్మం పగిలి, ఏ క్రీము రాసినా మంటే: ముందు ఏం మానాలి, ఏం రాయాలి?

తెల్లగీత (ఆదిలాబాద్):

అందరికీ నమస్తే. సూటిగా విషయానికొస్తా. వయసు 29. పది రోజులుగా బుగ్గల మీద, ముక్కు పక్కన చర్మం పొరలు లేస్తోంది. ముఖం కడిగిన ఐదు నిమిషాలకే బిగదీసినట్టు అయిపోతోంది. నిన్నమొన్నటి దాకా పడిన క్రీమే ఇప్పుడు రాస్తే చురచురమంటోంది. కాళ్ల మీద గోటితో గీస్తే పలక మీద బలపం గీసినట్టు తెల్లగీత. అమ్మకు 61, షుగర్ ఉంది. మోకాళ్ల కింద ముందువైపు చర్మం ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది, మడమలు పగిలాయి.

ఇప్పుడు వాడుతున్నవి: పొద్దున సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, రాత్రి రెటినాల్ (విటమిన్ ఎ రకం) సీరం, ఒంటికి గ్రేడ్ 1 సబ్బు (76 శాతం టీఎఫ్ఎం ఉన్నదే), బాడీ లోషన్. గీజర్ వేడినీళ్లు, నీళ్లు బోరువి. వారానికోసారి సున్నిపిండి.

స్కిన్ బ్యారియర్ (చర్మం పైనుండే రక్షణ పొర) దెబ్బతిందంటున్నారు. సెరమైడ్ క్రీము కొంటే సరిపోతుందా? ఏ వరసలో ఏం చేయాలి?

---

పైపూత:

సెరమైడ్ క్రీము సంగతి తర్వాత. ముందు ఆపాల్సినవి ఆపండి. మీ జాబితాలో కొత్తగా చేర్చాల్సినవాటికన్నా తీసేయాల్సినవే ఎక్కువున్నాయి.

ఎందుకు మండుతోందో తెలిస్తే మిగతాదంతా సులువు. చర్మం మీది చిట్టచివరి పొర మొత్తం కలిపినా మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉంటుంది. ఎండిపోయిన చదునైన కణాలు పదిహేను, ఇరవై వరసలు ఇటుకల్లా పేర్చినట్టుంటాయి. మధ్యలో కొవ్వు సున్నంలా పనిచేస్తుంది. ఆ కొవ్వులో బరువు ప్రకారం దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫ్యాటీ యాసిడ్లు. చలికాలం గాలిలో తేమ తక్కువ కాబట్టి లోపలి నీరు బయటికి లాగేసుకుపోతుంది. వేడినీళ్లు, సబ్బు ఆ కొవ్వును కరిగిస్తాయి. సందులు తెరుచుకున్నాక నీరు బయటికి పోవడమే కాదు, క్రీములోని ప్రిజర్వేటివు, సెంటు లోపలికి దిగుతాయి. అందుకే నిన్న పడిన క్రీము ఇవాళ మండుతుంది. క్రీము మారలేదు, గోడ మారింది.

ఇవాళ్టి నుంచే ఆపాల్సినవి: సాలిసిలిక్ ఫేస్‌వాష్, రెటినాల్, సున్నిపిండి, బీరపీచు, సెంటున్న లోషన్. విటమిన్ సి సీరం, టోనర్, షీట్ మాస్కుల్లాంటివి వాడుతుంటే అవీ అంతే. మొహానికి నిమ్మరసం మాత్రం ఏ కాలంలోనూ వద్దు.

స్నానం: నీళ్లు గోరువెచ్చగా, మోచెయ్యి ముంచితే వేడీ చలీ ఏదీ అనిపించనంతగా ఉండాలి. స్నానమయ్యాక ఒళ్లు ఎర్రబడిందంటే నీళ్లు వేడెక్కువ. 5 నుంచి 10 నిమిషాలు చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. చేతులు, కాళ్లు, వీపు రోజూ సబ్బు అడగవు. షాంపూ చేసేటప్పుడు తల ముందుకు వంచి కడుక్కుంటే నురగ వీపు మీదికి జారదు. ముఖానికి పొద్దున ఉత్త నీళ్లు, రాత్రి మాత్రం నురగ తక్కువొచ్చే క్లెన్సర్ అర నిమిషం.

క్రీము డబ్బా బాత్‌రూమ్‌లోనే పెట్టండి. టవల్‌తో రుద్దకుండా అద్దండి. మోచేతుల మీద, కాళ్ల మీద ఇంకా చెమ్మ తగులుతుండగానే, బట్టలు వేసుకోకముందే రాసేయాలి. మూడు నిమిషాలు దాటితే చర్మం పీల్చుకున్న నీరు ఆవిరైపోతూ ఉంటుంది. ఆరిపోయిన ఒంటికి రాస్తే ఆ నీరు అప్పటికే పోయుంటుంది. ఒంటి మీది వెంట్రుకలు ఎటు వాలితే అటే కిందికి రాయండి. ఎదురుగా రుద్దితే వెంట్రుక కుదుళ్లలో కూరుకుపోయి చిన్న చిన్న పొక్కులొస్తాయి.

ఇక అందరూ తప్పేది కొలత దగ్గర. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి ఒక్క వరస పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో సహా) మేరకు వస్తుంది. ఆ లెక్కన ముఖం, మెడ కలిపి రెండున్నర వరసలు, ఒక్కో చేతికి 3, హస్తానికి 1, ఒక్కో కాలికి 6, పాదానికి 2, ఛాతీ పొట్ట కలిపి 7, వీపుకి 7. అంతా కలిపితే ఒక్కసారికి 20 గ్రాములు. రోజుకి రెండుసార్లంటే వారానికి 280 గ్రాములు. 50 గ్రాముల ట్యూబు కొని నెలంతా వచ్చిందని మురిసిపోతే అది ఒంటికి అందలేదనే అర్థం. మందుల షాపులో వైట్ సాఫ్ట్ పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్, గ్లిజరిన్ ఉన్న సాదా క్రీము 400 గ్రాముల డబ్బా తీసుకోండి. చలికాలం లోషన్ వద్దు, దాంట్లో నీరే ఎక్కువ.

ముఖానికి మొదటి వారం ఇంకా సాదాగా: చెమ్మ మీద క్రీము, రాత్రిపూట పొరలు లేచిన చోట మాత్రం ఆ పైన శనగగింజంత పెట్రోలియం జెల్లీ. జెల్లీ నీటిని ఇవ్వదు, ఉన్నదాన్ని పోనివ్వదు. నీటి నష్టాన్ని ఆపడంలో దాన్ని మించింది ఇంకా రాలేదు. నీరుండదు, సెంటులేనిది కొంటే మండేదేమీ ఉండదు. ఏ క్రీమూ పడనప్పుడు అదొక్కటే వాడినా నష్టం లేదు.

సెరమైడ్ క్రీము మంచిదే, కానీ డబ్బా వెనక చూసి కొనండి. జాబితాలో ఎక్కువున్నవి ముందొస్తాయి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివు సాధారణంగా 1 శాతం మించదు. సెరమైడ్ పేరు దాని తర్వాత ఉంటే అదీ 1 శాతం లోపే. ఆ కింద ఏది ముందో ఏది వెనకో కంపెనీ ఇష్టం. కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు కూడా జాబితాలో ఉన్నాయా అన్నది చూడండి. మూడూ కలిస్తేనే ఆ సున్నం కుదురుకుంటుంది.

---

సబ్బులెక్క:

76 శాతం టీఎఫ్ఎం అని ధైర్యంగా రాశారు గనక ఒక మాట. టీఎఫ్ఎం అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందన్న లెక్క. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం గ్రేడ్ 1కి కనీసం 76, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి. బాతింగ్ బార్ అని రాసుంటే 40 ఉన్నా చాలు. ఎక్కువుంటే పిండి, మట్టి లాంటి నింపుడు సరుకు తక్కువ, సబ్బు త్వరగా నానిపోదు. అంతవరకే. 76 అయినా 80 అయినా అది క్షారంతో చేసిన సబ్బే, పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలిచే లెక్క) 9, 10 మధ్య ఉంటుంది. చర్మం ఉండాల్సింది 5 దగ్గర.

నమ్మకపోతే 1 నుంచి 14 దాకా రంగులుండే పీహెచ్ కాగితాలు తెప్పించుకోండి, ఖరీదేం కాదు. సబ్బును తడిపి, వేలితో నురగ తీసి కాగితానికి అద్దితే నిమిషంలో ముదురు ఆకుపచ్చలోంచి నీలానికి తిరుగుతుంది. సిండెట్ బార్ (చూడ్డానికి సబ్బులాగే ఉన్నా క్షారంతో చేయని క్లెన్సర్ బార్) నురగ అద్దితే పసుపు, లేత ఆకుపచ్చ దగ్గరే ఆగుతుంది.

పీహెచ్ ఎందుకు ముఖ్యమంటే, చర్మంలో సెరమైడ్లు తయారుచేసే ఎంజైములు ఆమ్లంలోనే సరిగా పనిచేస్తాయి. క్షారం తగిలితే అవి మందగిస్తాయి. కణాల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే మేకులను కోసే ఎంజైములేమో జోరందుకుంటాయి. కట్టేవాళ్లు నెమ్మదించి కూల్చేవాళ్లు తొందరపడినట్టన్నమాట. సబ్బు పెట్టుకున్నాక చర్మం మళ్లీ తన పీహెచ్‌కి రావడానికి గంటలు పడుతుంది. రోజుకి రెండుసార్లు సబ్బు స్నానం చేసేవాళ్లకి ఆ తేరుకునే సమయమే దొరకదు.

లేబుల్ మీద సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, సోడియం టాలోయేట్ మొదట్లో ఉంటే సబ్బు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ మొదట్లో ఉంటే సిండెట్. రెండూ కలిపి చేసేవీ ఉన్నాయి, కాగితమే చెబుతుంది.

బోరు నీళ్లకు ఇంకో తిప్ప. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది. బకెట్ అంచున తెల్లగా జిగురుగా పట్టేది అదే, ఒంటి మీద కూడా ఎంత కడిగినా మిగిలేది అదే. సిండెట్‌తో ఆ తెట్టు కట్టదు. ఇందుకోసం వేలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించనక్కర్లేదు, బార్ మార్చండి చాలు.

---

తెల్లగీత:

చాలా థాంక్స్. ఇంట్లో అమ్మ మాత్రం "కొబ్బరినూనె ఉండగా ఇవన్నీ ఎందుకు" అంటోంది. గ్లిజరిన్, రోజ్‌వాటర్ సగం సగం కలిపి రాసుకోమంటోంది. రెటినాల్ మళ్లీ ఎప్పుడు మొదలెట్టొచ్చు?

---

గానుగ:

అమ్మగారి మాట పూర్తిగా తీసిపారేయక్కర్లేదండి. నూనెలన్నీ ఒకటి కావు, అక్కడే తేడా.

కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ యాసిడ్. పొడిచర్మానికి, పిల్లల్లో తేలికపాటి ఎగ్జిమాకు పనికొస్తుందని పరీక్షల్లో తేలింది. అయితే ముఖం మీద మొటిమలొచ్చే తత్వం ఉంటే రంధ్రాలు మూసుకుంటాయి, కాబట్టి ఒంటికే. మీ ఊళ్లో ఈ నెలల్లో అది సీసాలో గడ్డకట్టి ఉంటుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలుంచండి, పొయ్యి మీద పెట్టొద్దు.

పొద్దుతిరుగుడు నూనెలో లినోలిక్ యాసిడ్ ఎక్కువ. చర్మం తన సెరమైడ్లలో వాడుకునేది దాన్నే. వంటింట్లో ఉన్న రిఫైన్డ్ నూనే చాలు, కొత్త ప్యాకెట్టు విప్పి చిన్న సీసాలో విడిగా పోసుకోండి. డబ్బా మీద హై ఓలియిక్ అని ఉంటే మాత్రం వద్దు. నువ్వులనూనె మధ్యరకం, ఓలియిక్, లినోలిక్ దాదాపు సరిసమానం. పసిపిల్లల మర్దనకని ఖరీదు పెట్టి కొనే ఆలివ్ నూనెలో ఓలియిక్ యాసిడ్ ఎక్కువ. అది ఆ కొవ్వు వరసల్ని చెదరగొడుతుంది. దెబ్బతిన్న చర్మానికి, ఎగ్జిమా ఉన్న పిల్లలకి అది వద్దు. ఆవనూనే అంతే.

ఏ నూనైనా పొడి ఒంటికి రాస్తే మెరుపొస్తుంది గానీ తేమ రాదు, నూనెలో నీరు లేదు కదా. స్నానమయ్యాక తడి ఒంటికి, రెండు చేతులకు కలిపి ఒక టీస్పూను సరిపోతుంది. తలంటుకి ముందు రాసుకునే పద్ధతీ మంచిదే, సబ్బు లాక్కెళ్లే కొవ్వులో కొంత ఆ నూనె భరిస్తుంది. కానీ దాన్ని వదిలించడానికని సున్నిపిండితో అరగంట నలిస్తే వచ్చిన లాభం అక్కడే పోతుంది. పిండి దోషం కాదు, రుద్దుడు దోషం. బాత్‌రూమ్ గచ్చు మీద జిడ్డుంటే పెద్దవాళ్లు జారతారు, అదీ చూసుకోండి.

గ్లిజరిన్ సగం సగం మరీ చిక్కన. గ్లిజరిన్ పని నీటిని లాగడం. గాలిలో తేమ లేనప్పుడు లోపలి నుంచి లాగుతుంది. 5 మిల్లీలీటర్లకు 45 మిల్లీలీటర్లు, అంటే 10 శాతం చాలు. రోజ్‌వాటర్‌కు బదులు కాచి చల్లార్చిన నీళ్లు పోయండి, బజారు రోజ్‌వాటర్ చాలావరకు సెంటు కలిపిన నీళ్లే. ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి వారం దాటకుండా పారబోయాలి. రాసిన వెంటనే పైన క్రీమో నూనో తప్పనిసరి.

---

పైపూత:

రెటినాల్ సంగతి: మంట పూర్తిగా పోయి, ఉత్త నీళ్లతో కడిగినా బిగుతు లేకుండా రెండు వారాలు గడవాలి. మొదట వారానికి రెండు రాత్రులు, క్రీము రాసిన అరగంటకు, శనగగింజంత. ఆ రాత్రుల్లో పైన పెట్రోలియం జెల్లీ వద్దు, కప్పేస్తే రెటినాల్ ఘాటు ఇంకా పెరుగుతుంది. సాలిసిలిక్ లాంటి యాసిడ్లకూ అదే.

మంట మూడు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది, దాంతో బాగైందని చాలామంది అక్కడే అన్నీ మళ్లీ మొదలెడతారు. పైపొర మొత్తం కొత్తది రావడానికి రెండు వారాలు, కింద నుంచి లెక్కేస్తే నాలుగు. పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువ. కొత్త క్రీము ఏదైనా ముందు ముంజేతి లోపలివైపు రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూడండి. పగలు బయటికెళ్తే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, మిగతావాటిలో కొన్ని ఈ దశలో కళ్లు మండించొచ్చు.

---

ఎడిసన్ చలిమంట (న్యూజెర్సీ):

ఇక్కడి మనవాళ్ల కోసం రెండు లెక్కలు, ఎందుకంటే ఆదిలాబాద్ చలి వేరు, హీటర్ చలి వేరు. బయట మైనస్ 10 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 8, 9 శాతానికి పడిపోతుంది. వంట, స్నానాల వల్ల కొంచెం పెరుగుతుందంతే.

రేడియేటర్ మీద గిన్నెతో నీళ్లు పెడితే చాలంటారు. 40 ఘనపు మీటర్ల గదిలో తేమను 15 నుంచి 35 శాతానికి తెచ్చి నిలపాలంటే, రెండు గంటలకోసారి గాలి మారే గదికి రోజుకు రెండు లీటర్ల దగ్గర నీరు ఆవిరవ్వాలి. గిన్నె అంత ఇవ్వలేదు. పడకగదికి హ్యూమిడిఫయర్ పెట్టి, తేమ కొలిచే చిన్న మీటరు మంచం పక్కనుంచండి. 30 నుంచి 40 మధ్య చాలు. కిటికీ అద్దాల మీద నీటిబొట్లు కారుతున్నాయంటే తగ్గించండి, లేకపోతే ఫ్రేము మూలల్లో బూజు మొదలవుతుంది. అల్ట్రాసోనిక్ రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు తెల్లపొడిగా టీవీ మీద, మంచం మీద పడతాయి. నీళ్లు రోజూ మార్చాలి, ట్యాంకు రెండు మూడు రోజులకోసారి కడగాలి.

రూమ్ హీటర్ వాడే మన ఊళ్లవాళ్లకీ ఒక మాట: గది వెచ్చబడ్డాక ఆపేయండి, బ్లోయరు గాలి ముఖానికి తగలనివ్వొద్దు. ఊలు స్వెట్టరు, మంకీక్యాపు నేరుగా ఒంటికి తగలకుండా లోపల నూలుబట్ట ఉంటే దురద తగ్గుతుంది.

---

మందులచీటీ:

అంతా బాగుంది గానీ, పొరలు లేచిన ప్రతిదీ పొడిచర్మం కాదు. ముక్కు పక్కన, కనుబొమ్మల్లో, గడ్డంలో పొట్టు పసుపుపచ్చగా, జిడ్డుగా ఉండి, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. దానికి కారణమైన ఈస్టుకు నూనె మేతలాంటిది, కాబట్టి కొబ్బరినూనె రాస్తే పెరుగుతుంది. కీటోకొనజోల్ 2 శాతం (ఫంగస్ మందు) పనిచేస్తుంది, డాక్టరుకి ఒకసారి చూపించి మొదలుపెట్టండి. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో మామూలుగా ఉండి గుండ్రంగా పాకుతుంటే తామర. రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులుండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే గజ్జి, దానికి ఇంటిల్లిపాదికీ ఒకేరోజు మందు పూయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, షాపువాణ్ణి అడిగి తెచ్చుకునే ట్యూబులు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది, అదే దాని మాయ. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, ఆపగానే నిప్పుల మీద పెట్టినట్టు మండుతుంది. 2018లో చాలా స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. తెల్లబడే క్రీముల్లో కూడా ఇవి కలుస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానకుండా డెర్మటాలజిస్టుకు ట్యూబు చూపించండి.

అమ్మగారి కాళ్లు విడిగా చూడాలి. ముందువైపు నెర్రెలకు మొదటి నాలుగైదు రోజులు ఉత్త పెట్రోలియం జెల్లీ, తడి మీద, రెండు పూటలా. పగుళ్లు మూసుకున్నాక యూరియా 10 శాతం క్రీము. నెర్రెలు తెరిచి ఉండగా యూరియా రాస్తే మండుతుంది, అది పడలేదని జనం మానేస్తారు. మడమలకు మామూలుగా యూరియా 20, 25 శాతం వాడి రాత్రి నూలుసాక్సు వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని అదనపు జాగ్రత్తలున్నాయి. బ్లేడుతో గీకొద్దు, ప్యూమిస్ రాయి వద్దు, వేడినీళ్లలో నానబెట్టొద్దు, ఆనెకాయల పట్టీ అంటించొద్దు. స్పర్శ తగ్గి ఉంటే నీళ్ల వేడి వాళ్లకు తెలీదు, ఇంకొకరు మోచెయ్యి ముంచి చూడాలి. కాలివేళ్ల సందుల్లో క్రీము రాయొద్దు, అక్కడ చెమ్మ నిలిస్తే ఫంగస్ వస్తుంది. పగులులోంచి నెత్తురో రసో కనిపించినా, చుట్టూ ఎర్రబడినా ఇంటివైద్యం ఆపి అదే రోజు చూపించండి. చలికాలం అయ్యాకా పొడి తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించండి.

మీకైనా సరే, తేనెరంగు పక్కులు కట్టినా, జ్వరంతో పాటు ఒకేలాంటి చిన్న పొక్కులు గుంపుగా వచ్చి నొప్పెట్టినా వెంటనే వెళ్లాలి. ఊరికే పొడైతే మూడు వారాలు చూడొచ్చు.

---

తెల్లగీత:

పొట్టు తెల్లగా, పొడిగానే ఉంది, తలలో చుండ్రు లేదు. సిండెట్ బార్, 400 గ్రాముల డబ్బా, జెల్లీ కొనాల్సిన జాబితాలో రాసుకున్నా. అమ్మకు విడిగా ఇంకో డబ్బా. భోగి తలంటుకి సున్నిపిండి మానితే అమ్మ ఒప్పుకోదు, ఆ ఒక్కరోజుకి పెసరపిండి మెత్తగా జల్లించి, రుద్దకుండా పులిమి కడిగేస్తే?

---

గానుగ:

ముఖం వదిలేసి ఒంటికి చేయండి, పగుళ్లున్న చోట వద్దు.

---

మందులచీటీ:

భోగి అన్నారు కాబట్టి. పారాఫిన్ క్రీములు, జెల్లీ, నూనె బట్టలకు పట్టి ఆరిపోయాక కూడా నిప్పు తగిలితే ఆ బట్ట మామూలు బట్టకన్నా వేగంగా అంటుకుంటుంది. ఉతికినా పూర్తిగా వదలదు. మంట దగ్గరికి వెళ్లేటప్పుడు రాత్రి రాసుకుని పడుకున్న నైటీ, దుప్పటి, శాలువా మార్చి, క్రీము, నూనె ఎప్పుడూ తగలని వేరే బట్టలు వేసుకోండి. అమ్మగారి సాక్సులు కూడా.